బ్రాకెట్ ఎక్కడ పెట్టాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు మన కార్యదర్శి రెండు షరతులు పెట్టాడు. లెక్కల మాస్టారివి కాబట్టి లెక్కల గురించే మాట్లాడాలి, బిర్యానీ చల్లారకముందే ముగించాలి అన్నాడు. రెండూ ఒప్పుకున్నాను. బిర్యానీ బాస్మతిది. నేను చెప్పబోయేది మనం రోజూ తినే మామూలు అన్నం గురించి.

అసలు కథ మన ఏడో తరగతి గదిలో మొదలైంది. మధ్యాహ్నం పీరియడు. జూపార్కు వైపు నుంచి ఏదో జంతువు అరుపు వినిపిస్తుంటే సగం తరగతి కిటికీ వైపు చూస్తోంది. సార్ బోర్డు మీద వరుసగా రాస్తున్నారు: సంవృత ధర్మం, స్థిత్యంతర ధర్మం, సహచర ధర్మం. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "సార్, ఈ సహచర ధర్మం లేకుంటే ఏమైతది?" అని అడిగాడు. మేమంతా నవ్వాం. సార్ నవ్వలేదు. "మంచి ప్రశ్న. జవాబు నాకు తెల్వదు. మీలో ఎవరికన్నా తెలిస్తే వచ్చి చెప్పండి" అన్నారు.

ఆ ప్రశ్న అడిగినవాడు పదో తరగతి తర్వాత తండ్రి బియ్యం దుకాణంలో కూర్చున్నాడు. నేను లెక్కలు చదివి, లెక్కలే చెప్పుకుంటూ వచ్చాను. ఎప్పుడు కలిసినా "ఏం మాస్టారూ, నా జవాబు దొరికిందా?" అంటాడు. నలభై ఏళ్లు దాటింది. వాడు ఇవాళ మూడో వరుసలో కూర్చున్నాడు. ఆ సార్ మన మధ్య లేరు. అందుకని ఈ ప్రసంగాన్ని ఇద్దరికీ చెల్లించే బాకీ అనుకోండి.

ముందు ఆ ధర్మం ఏమిటో గుర్తు చేస్తాను. 2, 3, 4 కూడాలి. ముందు 2, 3 కూడి, వచ్చిన 5కి 4 కలిపితే 9. లేదా ముందు 3, 4 కూడి, వచ్చిన 7ను 2కి కలిపినా 9. బ్రాకెట్ ఎక్కడ పెట్టినా జవాబు ఒక్కటే. ఇదే సహచర ధర్మం. ఇందులో అంకెల వరుస మారలేదు. ఎవరి పక్కన ఎవరు ఉన్నారో అలాగే ఉన్నారు. ముందు ఎవరు కలిశారన్నదే మారింది.

తీసివేతకు ఈ ధర్మం లేదు. 10లోంచి 5 తీసి, మిగిలినదాంట్లోంచి 2 తీస్తే 3 వస్తుంది. 5లోంచి ముందే 2 తీసేసి, ఆ మిగిలిన 3ను 10లోంచి తీస్తే 7 వస్తుంది. మన మాటలకూ అన్నిసార్లూ ఈ ధర్మం ఉండదు. గేటు దగ్గర బ్యానర్ మీద "పాత బడి స్నేహితులు" అని రాశారు. "పాత బడి"ని ముందు కలిపితే, పాతబడిన మన బడిలో చదివిన స్నేహితులమని అర్థం. "బడి స్నేహితులు"ను ముందు కలిపితే, మనమే పాతవాళ్లం! ఇవాళ రెండూ నిజమే కాబట్టి బ్యానర్ మార్చక్కర్లేదు.

ఇప్పుడు మా వాడి దుకాణంలోకి పోదాం. గడప పక్కనే "బీపీటీ" అని రాసిన బస్తా ఉంటుంది. బీపీటీ అంటే బాపట్ల. అక్కడి పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204 రకం వరినే సాంబ మసూరి అంటాం. దాని వంశంలో మూడు పేర్లున్నాయి. జీఈబీ 24 కోయంబత్తూరులో వెలుగులోకి వచ్చిన పాత రకం. తైచుంగ్ నేటివ్ 1 తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం. మసూరి మలేషియాలో తయారైన రకం. మొదటి రెండింటినీ ముందు సంకరం చేసి, ఆ పిల్లను మసూరితో సంకరం చేశారు.

వరి శాస్త్రజ్ఞులు ఈ వంశాన్ని కాగితం మీద రాసేటప్పుడు మొదటి రెండు పేర్ల మధ్య ఒక వాలు గీత గీస్తారు, మసూరికి ముందు రెండు వాలు గీతలు గీస్తారు. ఒక గీత ఉన్నచోట ముందు కలిశాయి, రెండు గీతలున్నచోట తర్వాత కలిశాయి. అంటే అవి మన బ్రాకెట్లే.

ఆ బ్రాకెట్ వల్ల ఏం తేడా వస్తుందో లెక్క వేద్దాం. పిల్లకు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది. జీఈబీ, తైచుంగ్ ముందు కలిస్తే ఆ పిల్లలో చెరి సగం. ఆ పిల్ల మసూరితో కలిస్తే జీఈబీ వాటా 1/4, తైచుంగ్ వాటా 1/4, మసూరి వాటా 1/2. బ్రాకెట్ జరిపి, తైచుంగ్‌ను మసూరితో ముందు కలిపి ఆ తర్వాత జీఈబీతో కలిపితే సగం వాటా జీఈబీకి పోతుంది, మసూరికి 1/4 మాత్రమే మిగులుతుంది. అవే మూడు రకాలు, అదే వరుస, కానీ తేలింది వేరే పిల్ల. ఇవి సగటు వాటాలు. శాస్త్రజ్ఞులు తరాల తరబడి మొక్కల్ని ఏరుతారు కాబట్టి చివరి గింజలో వాటాలు అచ్చంగా ఇలాగే ఉంటాయని చెప్పలేం. కానీ ఆ ఏరడం మొదలయ్యేది ఈ వాటాల దగ్గరే.

బీజగణితం అనే మాటలో బీజం ఉంది కదా. ఇది నిజంగానే విత్తనాల బీజగణితం. 1939లో ఎడిన్‌బరోలోని ఎథరింగ్టన్ అనే గణితవేత్త మెండెల్ వంశపారంపర్య సూత్రాలను ఇలాంటి బీజగణితాలుగా రాసి చూపించాడు. వాటిలో గుణకారం అంటే సంకరం. మన వాటాల లెక్కలో ఒకదాన్ని మరోదాంతో కలిపినా, తిప్పి కలిపినా ఫలితం ఒక్కటే, అంటే స్థిత్యంతర ధర్మం ఉంది. సహచర ధర్మం లేదు. మూడు మూల రకాలతో మొదలుపెడితే ఎన్ని సంకరాలు చేసినా ఫలితాన్ని మూడు అంకెల్లో చెప్పేయవచ్చు. అందుకని దీన్ని మూడు పరిమాణాల బీజగణితం అంటాం.

ఇంత గజిబిజి బీజగణితాన్ని అర్థం చేసుకోవడం ఎలా? గణితవేత్తలు మొదట చేసే పని విడదీయడం. అది ఎలా పనిచేస్తుందో మనకు దగ్గర్లోనే జరిగిన ఒక పనిలో చూపిస్తాను.

సాంబ మసూరి అన్నం బాగుంటుంది. కానీ ఆ పైరుకు బాక్టీరియా ఎండాకు తెగులు తొందరగా పడుతుంది. ఇక్కణ్నుంచి ఆరాంఘర్ మీదుగా పోతే వచ్చే రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ వాళ్లు, హబ్సిగూడలోని సీసీఎంబీ వాళ్లు కలిసి దీని మీద పనిచేశారు. తెగులును తట్టుకునే మూడు జన్యువులు ఉన్న ఒక వరిని దాతగా తీసుకున్నారు. ఆ జన్యువులు కావాలి, దాత తాలూకు మిగతా గుణాలు వద్దు. అన్నం సాంబ మసూరి అన్నంలాగే ఉండాలి. అందుకు దాతతో ఒకసారి సంకరం చేసి, ఆ తర్వాత ప్రతి తరంలోనూ మళ్లీ సాంబ మసూరితోనే కలుపుతూ పోయారు. దీన్ని బ్యాక్‌క్రాస్ అంటారు. నాలుగుసార్లు అలా చేశారు. అలా తయారైన మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో బయటికి వచ్చింది.

దీన్ని బీజగణితంలో రాద్దాం. సాంబ మసూరిని "మ" అనీ, దాతను "ద" అనీ అందాం. రెండింటి మధ్య తేడాను, అంటే ద − మను, "తే" అందాం. దాత అంటే మ + తే. ఇప్పుడు గుణకారాలు మూడే:

మ × మ = మ
మ × తే = తే/2
తే × తే = 0

మొదటిది తెలిసిందే, సాంబ మసూరిని సాంబ మసూరితో కలిపితే సాంబ మసూరే. రెండోదాంట్లో, మ × ద అంటే (మ + ద)/2, అందులోంచి మ × మ, అంటే మ తీసేయండి, (ద − మ)/2 మిగులుతుంది. మూడోది ఏడో తరగతి సూత్రంతోనే వస్తుంది. (ద − మ)ను దాంతోనే గుణిస్తే, ద × దలోంచి రెండు మ × దలు తీసి మ × మ కలపాలి. అంటే ద − (మ + ద) + మ. సున్నా.

ఇక్కడ మన బీజగణితం రెండు అరలుగా విడిపోయింది. సున్నా అరలో మ ఉంది, ఒకటో అరలో తేడా ఉంది. ఏ రెండు అరల వస్తువుల్ని గుణించినా, ఫలితం ఆ అరల అంకెలు కూడితే వచ్చే అరలోకి వెళుతుంది. సున్నా, సున్నా కూడితే సున్నా, కాబట్టి మ × మ సున్నా అరలోనే ఉంది. సున్నా, ఒకటి కూడితే ఒకటి, కాబట్టి మ × తే ఒకటో అరలోనే ఉంది. ఒకటి, ఒకటి కూడితే రెండు. రెండో అర అసలు లేదు. అందుకే తే × తే సున్నా అయింది. ఇలా అరలుగా సర్దిన బీజగణితాన్ని శ్రేణీకృత బీజగణితం అంటారు. చిన్నప్పుడు సరి, బేసి సంఖ్యల్లో మీరు చూసింది ఇలాంటి సర్దుబాటే. రెండు బేసి సంఖ్యల మొత్తం ఎంతో కూడకముందే, అది సరి సంఖ్య అవుతుందని మీకు తెలుసు.

ఈ సర్దుబాటుతో బ్యాక్‌క్రాస్ మొత్తం ఒక్క వాక్యంలోకి వచ్చేస్తుంది. మతో గుణించిన ప్రతిసారీ మ కదలదు, తేడా సగమవుతుంది. దాత మ + తే. మొదటి సంకరంలో మ + తే/2. ఆ పైన నాలుగు బ్యాక్‌క్రాస్‌లలో తే/4, తే/8, తే/16, తే/32. దాత వాటా సగటున 32లో ఒక్క వంతు, సాంబ మసూరి వాటా 31 వంతులు. అంటే దాదాపు 97 శాతం.

ఒరేయ్ మిత్రమా, ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తున్నాను.

మ × (మ × ద) అంటే ఒకసారి బ్యాక్‌క్రాస్ చేసిన పిల్ల. అందులో సాంబ మసూరి ముప్పావు వంతు. బ్రాకెట్ జరిపితే (మ × మ) × ద. బ్రాకెట్‌లో ఉన్నది మ. అంటే మొత్తం మ × ద, చెరి సగం. సహచర ధర్మం ఉండి ఉంటే ఈ రెండూ సమానం కావాల్సి వచ్చేది. అప్పుడు ఎన్నిసార్లు తిప్పి కలిపినా, పదిసార్లు కలిపినా, మొదటి సంకరం దగ్గరే ఉండిపోయేవాళ్లం. వాటా సగం దగ్గర్నుంచి కదిలేది కాదు. బ్యాక్‌క్రాస్ అనే పనికే అర్థం ఉండేది కాదు.

సహచర ధర్మం లేకుంటే ఏమైతదని నువ్వు అడిగావు. వరి శాస్త్రజ్ఞుడికి చేతినిండా పని దొరుకుతుంది. ఆ ధర్మం లేకపోవడం లోపమని మనం చాలాకాలం అనుకున్నాం. నీ దుకాణంలో బియ్యం వెనక ఉన్న పని అంతా ఆ లేకపోవడం మీదే నడుస్తోంది.

అయితే ఈ లెక్కకు ఒక ప్రమాదం ఉంది, అది కూడా చెప్పాలి. తేడా సగమవుతూ పోతున్నప్పుడు మనం వద్దనుకున్నవే కాదు, కావాలనుకున్న జన్యువులూ అందులోనే కొట్టుకుపోతాయి. ప్రతి బ్యాక్‌క్రాస్‌లోనూ ఒక్కో జన్యువు పిల్ల మొక్కల్లో సగానికే అందుతుంది. ఆ మూడు జన్యువులు వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయి కాబట్టి, మూడూ అందే మొక్కలు సగటున ఎనిమిదింటిలో ఒక్కటే. పైగా వాటిలో రెండు అంతర్గత జన్యువులు. సంకర మొక్కలో వాటి ప్రభావం పైకి కనిపించదు. అందుకని శాస్త్రజ్ఞులు ప్రతి తరంలో మొక్కల డీఎన్ఏను పరీక్షించి, మూడూ ఉన్నవాటినే ఏరుకుని ముందుకు తీసుకుపోయారు. ఏది దానంతట అదే తగ్గిపోతుందో బీజగణితం చెబుతుంది. దేన్ని పోనివ్వకూడదో మనిషి కనిపెట్టుకుని ఉండాలి. ముందు వరుసలో ఉన్న మా గురువులకు ఈ మాట నేను చెప్పనక్కర్లేదు. ఒక్కో బ్యాచ్‌తోనూ వాళ్లు చేసింది అదే.

ఇప్పటివరకు రెండే అరలు చూశాం. అరలు పదో, వందో ఉంటే? మరో రకం విడదీత అవసరమవుతుంది. వరితో పాటు జొన్నను కూడా మన లెక్కలో చేర్చామనుకోండి. మన పొలాల్లో వరికీ జొన్నకూ సంకరం కుదరదు, కాబట్టి ఆ గుణకారాలన్నీ సున్నా అని రాస్తాం. అప్పుడు ఈ పెద్ద బీజగణితం చీలిపోయి, ఒకదాని జోలికి ఒకటి పోని రెండు బీజగణితాలవుతుంది. మ, తే సంగతి అలా కాదు. వాటి అరలు వేరైనా మ × తే సున్నా కాదు, కాబట్టి అవి వేరే గదుల్లో ఉన్నా ఒకే ఇంట్లోవి. వరి, జొన్న రెండు వేర్వేరు ఇళ్లు.

ఏవి ఒకే ఇంట్లోవో, ఏవి వేరే ఇళ్లవో ముందుగా తెలియనప్పుడు ఎలా కనుక్కోవాలి? దానికి ఒక సులువైన ఉపాయం ఉంది. స్పెయిన్‌లోని కాదిజ్ విశ్వవిద్యాలయ గణితవేత్తలు, వాళ్లతో కలిసి పనిచేసినవాళ్లు ఈ ఉపాయాన్ని చాలా రకాల బీజగణితాల మీద వాడారు. ఒక అర నుంచి మొదలుపెట్టి, సున్నా కాని గుణకారాల మీదుగా ఒక్కో అడుగు వేస్తూ ఇంకో అరకు చేరగలిగితే, ఆ రెండూ కలిసి ఉన్నట్టే. నేరుగా చేరనక్కర్లేదు, గొలుసుగా చేరినా చాలు. ఇలా కలిసే అరల్ని గుంపులు గుంపులుగా కట్టండి. వేర్వేరు గుంపుల మధ్య గుణకారం సున్నా అవుతుంది. దీనికి సహచర ధర్మం అక్కర్లేదు, వేరే ఏ ధర్మమూ అక్కర్లేదు. సహచర ధర్మం ఉన్న బీజగణితాలను విడదీసే సిద్ధాంతాన్ని వెడర్‌బర్న్ వందేళ్లకు పైబడే కిందట, 1907లో ఇచ్చాడు. ఆ ధర్మం లేనిచోట కూడా విడదీయడానికి దారి ఉందని ఈ గొలుసులు చూపిస్తాయి.

ఈ గణితానికి మన ఊరితో కొంత చుట్టరికం కూడా ఉంది. 1920లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో బి.ఏ. చదివిన కె.జి. రామనాథన్ అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఎమిల్ ఆర్టిన్ దగ్గర పరిశోధన చేశారు. ఆ ఆర్టిన్ పేరు మీద ఒక సిద్ధాంతం ఉంది. అష్టకాలు అనే ఎనిమిది పరిమాణాల సంఖ్యల్లో సహచర ధర్మం లేదు. కానీ వాటిలోంచి ఏ రెండింటిని తీసుకున్నా, ఆ రెండింటితో కట్టిన లెక్కల్లో ఆ ధర్మం చక్కగా ఉంటుంది. మూడోది వచ్చాకే తగాదా. స్నేహాల్లోనూ అంతే కదా అని మీరు నవ్వుతున్నారు. నేను అనలేదు, మీరే అనుకున్నారు.

2010 ఆగస్టులో ప్రపంచ గణితవేత్తల మహాసభ మొదటిసారి మన దేశానికి వచ్చినప్పుడు హైదరాబాద్‌లోనే జరిగింది. నిర్వాహక సంఘానికి అధ్యక్షత వహించిన ఎం.ఎస్. రఘునాథన్ అనంతపురంలో పుట్టారు. ఆ సభలో ఫీల్డ్స్ పతకం అందుకున్న నలుగురిలో ఒకరైన ఎన్గో బావ్ చావ్‌కు ఆ గౌరవం తెచ్చిన పని లీ బీజగణితాల మీద. లీ బీజగణితాలకూ మామూలుగా సహచర ధర్మం ఉండదు. వెనక బెంచీ ప్రశ్న అంత పెద్ద వేదిక దాకా వెళ్లింది, మన ఊళ్లోనే.

చివరిగా ఒక్క మాట చెప్పి దిగిపోతాను. ఈ సభ కోసం పాత విద్యార్థుల జాబితా తయారుచేసే పని కొంత నా మీద పడింది. మేం చేసింది ఆ గొలుసు పనే. ఒకరికి ఫోన్ చేస్తే ఆయన ఇద్దరి నంబర్లు ఇచ్చాడు, వాళ్లు ఇంకో నలుగురివి ఇచ్చారు. నెల తిరిగేసరికి చూస్తే రెండు గుంపులు తేలాయి. తెలుగు మీడియం వాళ్లంతా ఒకటి, ఉర్దూ మీడియం వాళ్లంతా ఇంకొకటి. ఈ గుంపులోంచి ఎంత దూరం పోయినా ఆ గుంపులోని ఒక్క పేరూ తగల్లేదు. ఒకే గేటు, ఒకే గంట, ఒకే మైదానం. పదేళ్లు పక్క పక్క గదుల్లో చదివాం. గుణిస్తే సున్నా.

అప్పుడు మా బియ్యం మిత్రుడే, ఇంటర్వెల్‌లో గేటు పక్కన సమోసాలు అమ్మిన ఖాలా ఇల్లు తనకు తెలుసన్నాడు. వెళ్లాం. ఆమెకు రెండు మీడియాల పిల్లలూ గుర్తున్నారు, ఎవరు ఎంత బాకీ ఉన్నారో దాంతో సహా. ఆమె చెప్పిన మూడు పేర్లతో రెండో గుంపు తలుపు తెరుచుకుంది. బీజగణితంలో కూడా ఇంతే. రెండు గుంపుల మధ్య సున్నా కాని గుణకారం ఒక్కటి దొరికినా చాలు, అవి రెండు గుంపులు కావు.

ఇవాళ ఈ పందిరి కింద రెండు గుంపులవాళ్లూ ఉన్నారు. అలవాటు కొద్దీ ఎవరి వాళ్ల పక్కన వాళ్లే కూర్చున్నారు, వేదిక మీద నుంచి నాకు కనిపిస్తోంది. భోజనాల దగ్గర బ్రాకెట్లు కొంచెం జరపండి. ముందు ఎవరితో కలుస్తామన్న దాన్ని బట్టి జవాబు మారుతుందని ఇంతసేపూ చెప్పింది అందుకే.

నా బాకీ తీరిందో లేదో మూడో వరుసలో ఉన్నవాడే చెప్పాలి. ఖాలా బాకీ మాత్రం మనందరిదీ అలాగే ఉంది. ఆమె కూడా వచ్చింది, వెనక వరుసలో కూర్చుంది. పోయి పలకరించండి.

సెలవు.